ఇది టైపురైటర్ కాదు

తెలంగాణలో చాలా ఊళ్ళలో అవ్వ అంటే అమ్మ. రాయలసీమలో అవ్వ అంటే అమ్మమ్మో నాయనమ్మో. అక్షరాల్లో తేడా లేదు, పలకడంలో తేడా లేదు. "అవ్వకి ఒంట్లో బాలేదు" అని ఫోనొస్తే, ఎవరికి బాలేదో తెలియాలంటే ఆ ఫోన్ ఏ ఊరినుంచి వచ్చిందో ముందు తెలియాలి.

లినక్స్ కెర్నెల్‌లో 11 అనే అంకె కూడా అలాంటిదే. ఒక ప్రోగ్రాం కెర్నెల్‌ని ఏదైనా పని అడిగినప్పుడు, ఆ పని కుదరకపోతే కెర్నెల్ ఒక అంకె తిరిగి ఇస్తుంది. మన ల్యాప్‌టాపుల్లో ఉండే ఇంటెల్ చిప్పుల మీద, ఫోన్లలో ఉండే ఆర్మ్ చిప్పుల మీద 11 అంటే "ఇప్పుడు కాదు, కాసేపాగి మళ్ళీ అడుగు" అని. 35 అంటే "ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఎదురుచూస్తూ ఇద్దరూ ఇరుక్కుపోతారు, ఇది తేలే వ్యవహారం కాదు" అని. ఒకప్పుడు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తయారు చేసిన ఆల్ఫా చిప్పు మీద ఈ రెండూ తారుమారు. అక్కడ 35 వస్తే మళ్ళీ అడగాలి, 11 వస్తే ఆశ వదులుకోవాలి.

చూడగానే ఎవరో పొరపాటున అటూ ఇటూ రాశారనిపిస్తుంది. పొరపాటు కాదు. లినక్స్ ఆల్ఫా మీదకి వెళ్ళేనాటికి అక్కడ డిజిటల్ వాళ్ళ సొంత యూనిక్స్ ఒకటి ఉంది, ఓఎస్ఎఫ్/1 అని. దాని కోసం రాసిన ప్రోగ్రాములు లినక్స్ మీద కూడా ఉన్నవి ఉన్నట్టు నడవాలని, దాని అంకెలనే లినక్స్ తీసుకుంది. స్పార్క్ చిప్పు మీద సన్ కంపెనీ యూనిక్స్ అంకెల్ని అలాగే తీసుకుంది. ఇంటెల్ మీద పదో నంబరు సిగ్నల్ అంటే ప్రోగ్రాం రాసినవాళ్ళు తమ అవసరానికి వాడుకునే సైగ. ఆల్ఫా, స్పార్క్, మిప్స్ మీద అదే పదో నంబరు అంటే మెమరీని ముట్టుకోకూడని తీరులో ముట్టుకున్నావని కేక. ఈ తేడాల్లో చాలా వాటి వెనక కథ ఒకటే. ఆ ఇంట్లో అంతకుముందు నుంచీ ఉంటున్నవాళ్ళకి ఇబ్బంది కలక్కూడదని అప్పుడెవరో చూపించిన మర్యాద అది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. ఇవాళ మనల్ని వేధించే తేడాలన్నీ నిన్న ఎవరికో ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం వల్ల పుట్టినవి.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో కెర్నెల్ పని చేస్తాను. ఇంట్లోవాళ్ళకి "సాఫ్ట్‌వేర్" అంటే సరిపోతుంది. తోటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెప్పడమే కష్టం. చూపించడానికి ఒక యాప్ ఉండదు, వెబ్‌సైట్ ఉండదు. నా పని సరిగ్గా జరిగితే అసలేమీ జరగనట్టే ఉంటుంది. నిన్న నడిచిన ప్రోగ్రాం ఇవాళ కూడా నడుస్తుంది, అంతే.

కెర్నెల్ అంటే మెషీన్‌లో అన్నిటికన్నా ముందు లేచి అన్నిటికన్నా చివర పడుకునే ప్రోగ్రాం. మెమరీ, డిస్కు, నెట్‌వర్కు అన్నీ దాని చేతిలో ఉంటాయి. మిగతా ప్రోగ్రాములు ఏం కావాలన్నా దాన్నే అడగాలి. అడగడానికి ఒక్కో పనికి ఒక్కో నంబరు. "ఈ ఫైల్లో ఇది రాయి" అనే పని నంబరు 32 బిట్ల ఇంటెల్ మీద 4, 64 బిట్ల ఇంటెల్ మీద 1, 64 బిట్ల ఆర్మ్ మీద 64. మిప్స్ మీద, ఏ రకం మిప్స్ అన్నదాన్ని బట్టి, 4004 కావచ్చు, 5001 కావచ్చు.

ఈ నంబర్లు, వాటితో పాటు పంపే వివరాల ఆకారాలు, తిరిగొచ్చే ఎర్రర్ అంకెలు, ఇవన్నీ రాసి పెట్టిన ఫైళ్ళని హెడర్లు అంటారు. మామూలు టెక్స్ట్ ఫైళ్ళే, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ప్రోగ్రామర్ తన కోడ్‌లో పేరు రాస్తాడు. కంపైల్ అయ్యేటప్పుడు హెడర్ని చూసి ఆ పేరు అంకెగా మారి, ప్రోగ్రాం లోపల గడ్డకట్టుకుపోతుంది. ఆ తర్వాత ప్రోగ్రాంకి హెడర్‌తో పని లేదు. దానికి పేరు గుర్తుండదు, అంకె మాత్రమే గుర్తుంటుంది. పదేళ్ళ తర్వాత ఎవరైనా హెడర్లో ఆ అంకె మారిస్తే, ఎక్కడో ఏ గోడకో తగిలించిన పెట్టెలో నడుస్తున్న ఆ ప్రోగ్రాంకి కబురు అందదు. అది పాత అంకెతోనే అడుగుతూ ఉంటుంది.

తెలుగులో మాట అంటే పలికేదీ మాటే, ఇచ్చేదీ మాటే. హెడర్ ఫైళ్ళలో ఉండేవి ఆ రెండు అర్థాల్లోనూ మాటలు.

చాలాకాలం లినక్స్‌లో ఈ రెండు రకాల మాటలూ కలగలిసి ఉండేవి. ఒకే ఫైల్లో కొన్ని లైన్లు బయటి ప్రోగ్రాముల కోసం, కొన్ని కెర్నెల్ తన లోపలి పనుల కోసం. మధ్యలో "ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఇంటివాళ్ళకే" అని అడ్డుగీతలు. 2012లో డేవిడ్ హవెల్స్ అనే డెవలపర్ ఈ ఫైళ్ళని విడదీసే పని పెట్టుకున్నాడు. బయటికిచ్చిన మాటలన్నీ యూఏపీఐ అనే వేరే ఫోల్డర్లోకి వెళ్ళాయి. ఆ డిసెంబర్లో వచ్చిన లినక్స్ 3.7తో ఇది అమల్లోకొచ్చింది. 64 బిట్ల ఆర్మ్ చిప్పులు లినక్స్‌లోకి అడుగుపెట్టింది కూడా ఆ 3.7తోనే. అప్పట్నుంచీ ఫైల్ ఎక్కడుందో చూస్తే చాలు, అది ఏ రకం మాటో తెలిసిపోతుంది. లోపల అనుకున్నవి రేపు పొద్దున మార్చుకోవచ్చు, కెర్నెల్ వాళ్ళు మారుస్తూనే ఉంటారు. యూఏపీఐలో ఉన్నవాటికి ఆ వీల్లేదు.

అదే డిసెంబర్లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన ఒక ఈమెయిల్ మా పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. కెర్నెల్‌లో ఒకచోట తిరిగొచ్చే ఎర్రర్ అంకె మారింది. దానివల్ల కొన్ని సౌండ్ ప్రోగ్రాములు చెడిపోయాయి. ఆ భాగం చూసే మనిషి, తప్పు ఆ ప్రోగ్రాములదే అన్నట్టు మాట్లాడాడు. లైనస్ ఆయన్ని అందరి ముందూ తిట్టిపోశాడు. నిన్న నడిచిన ప్రోగ్రాం కెర్నెల్ మారడం వల్ల ఇవాళ నడవకపోతే తప్పు కెర్నెల్‌దే, ప్రోగ్రాంని అనడానికి లేదు, ఇది ఆ ఈమెయిల్ సారాంశం. తన నోటి దురుసు గురించి 2018లో ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పుకుని, కొన్నాళ్ళు పని నుంచి పక్కకి తప్పుకున్నాడు. సూత్రం మాత్రం అలాగే ఉంది.

ఆ సూత్రం విలువ నాకు పుస్తకాల్లో కాదు, ఒక పాల కేంద్రంలో అర్థమయింది.

మా కంపెనీ చేసే పెట్టెలు పాల కేంద్రాల్లో ఉంటాయి. పాలు పోసేవాళ్ళు వస్తారు. తూకం, వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం కొలుస్తారు. పెట్టె ఆ రీడింగులు తీసుకుని, రేటు చార్టు చూసి, చిన్న చీటీ అచ్చు వేస్తుంది. ఈ పెట్టెలో ఉన్న చిప్పు 32 బిట్ల ఆర్మ్. లెక్కలు కట్టి చీటీ వేసే ప్రోగ్రాంని చాలా ఏళ్ళ కిందట బయటి సంస్థ ఒకటి రాసిచ్చింది. ఆ సంస్థ ఇప్పుడు లేదు. సోర్స్ కోడ్ కూడా లేదు. ఉన్నదల్లా కంపైలైన ప్రోగ్రాం ఒక్కటే. అంటే పేర్లన్నీ పోయి, అంకెలు మాత్రం మిగిలిన ఫైల్.

పాత చిప్పులు దొరకడం కష్టమైంది. కొత్త బోర్డు మీద ఉన్నది 64 బిట్ల ఆర్మ్, కార్టెక్స్ ఏ53. దాని మీద 64 బిట్ల కెర్నెల్ నడుస్తూనే, పైన 32 బిట్ల ప్రోగ్రాంలని కూడా నడవనిస్తుంది. కొన్ని కొత్త ఆర్మ్ కోర్లకి ఆ శక్తి లేదు, అందుకే ఏరికోరి దీన్ని తీసుకున్నాం. అలాంటప్పుడు కెర్నెల్ రెండు పట్టికలు పెట్టుకుంటుంది. 64 బిట్ల ప్రోగ్రాం వచ్చి 64 అంటే "రాయి" అని, 32 బిట్ల ప్రోగ్రాం వచ్చి 4 అంటే అదీ "రాయి" అనే అర్థం చేసుకుంటుంది. ఏ ఊరివాళ్ళు వచ్చారో చూసి, అవ్వ అంటే ఎవరో గ్రహించుకున్నట్టు.

పని మొదలుపెట్టే ముందు ప్రకాశం జిల్లాలో ఒక కేంద్రానికి వెళ్ళి, పొద్దున్నే పాలు తీసుకునే సమయంలో కూర్చున్నాను. అక్కడి సెక్రటరీ నా బ్యాగులో కొత్త బోర్డు చూసి, "దీంతో చీటీ ఏమన్నా మారిద్దా సార్?" అన్నాడు. మారదన్నాను. "మారకుండా చూడండి. ఇక్కడ చీటీ సగంమంది చదవరు, చూస్తారు."

ఆ మాట నాకు వెంటనే తలకెక్కలేదు. తర్వాత ఒకావిడ వచ్చింది. గేదె పాలు పోసి, చీటీ తీసుకుని, బొటనవేలు మూడో వరస దగ్గర పెట్టి చూసుకుని, మడిచి కొంగుకి ముడేసుకుంది. నేను "ఎంతొచ్చిందమ్మా?" అని అడిగితే, "ఆరు ఎనిమిది నాయనా, మూడో వరసలోది వెన్న," అంది. చీటీ మీద ఇంగ్లీషులో "ఫ్యాట్" అని రాసుంది. ఆవిడకి దానితో పనిలేదు. మూడో వరసలో ఏముంటే అది వెన్న. రేపెవరైనా మొదటి వరస పైన ఇంకో వరస కలిపితే, ఆవిడ ఇంకేదో అంకెని వెన్న అనుకుని ఇంటికి వెళుతుంది.

కెర్నెల్, ప్రోగ్రాంలు ఒకదానికొకటి వివరాలు పంపుకునేది సరిగ్గా ఇలాగే. వాటి మధ్య పేర్లుండవు. మొదటి నాలుగు బైట్లు ఇది, తర్వాతి నాలుగు అది, ఎనిమిదో బైటు నుంచి ఇంకోటి. చోటే అర్థం.

మా పెట్టెలో ఉన్న చిక్కు కూడా చోటు గురించే. వెన్న, తూకం రీడింగులు తీసుకొచ్చే డ్రైవర్‌కీ, చీటీ ప్రోగ్రాంకీ మధ్య ఒక సొంత హెడర్ ఉంది, అదీ ఆ పాత సంస్థ రాసిందే. అందులో రీడింగ్ ఆకారం ఇలా ఉంది: వరస సంఖ్య, సమయం, తర్వాత నాలుగు కొలతలు. మొదటి రెండిటికీ "లాంగ్" అనే రకం వాడారు. సీ భాషలో లాంగ్ అంటే ఇంత అని ఖాయంగా లేదు. లినక్స్ నడిచే 32 బిట్ల చిప్పు మీద అది 4 బైట్లు, 64 బిట్ల చిప్పు మీద 8 బైట్లు. పాత ప్రోగ్రాం దృష్టిలో రీడింగ్ మొత్తం 24 బైట్లు. కొత్త చిప్పుకి కంపైల్ చేసిన డ్రైవర్ దృష్టిలో 32. హెడర్లో ఒక్క అక్షరం కూడా మారలేదు.

ఇలాంటి సందర్భాల కోసమే ముందుచూపున్నవాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. డ్రైవర్‌తో నేరుగా మాట్లాడే ఈ రకం కాల్‌ని ఐఆక్టల్ అంటాం. దాని నంబర్లోనే పంపే వివరాల సైజు కూడా కలిపి ఉంటుంది. సైజు తేడా వస్తే నంబరే వేరైపోతుంది. డ్రైవర్ "నువ్వు అడిగేది నాకు తెలియదు" అని 25 తిరిగిస్తుంది. 25 ఇంటెల్ మీదా, ఆర్మ్ మీదా, ఆల్ఫా మీద కూడా 25. దాని పేరు ఈనాట్‌టీటీవై. పాత యూనిక్స్‌లో ఈ ఎర్రర్ వస్తే స్క్రీన్ మీద పడే వాక్యం, తెలుగులో చెప్పాలంటే, "ఇది టైపురైటర్ కాదు". కంప్యూటర్‌కి టెలిటైపు తగిలించి వాడుకున్న రోజుల నాటి పేరు అది. ఇప్పుడు ఆ వాక్యం మార్చారు, అంకె, పేరు మాత్రం అలాగే ఉన్నాయి. పాల వెన్న శాతం అడిగితే ఇది టైపురైటర్ కాదు అని జవాబు రావడం నాకు భలే నచ్చింది. కనీసం అబద్ధం చెప్పలేదు, తెలియదని చెప్పింది.

కానీ మా పాత ప్రోగ్రాం ఆ జవాబు వినదు. ఎర్రర్ వచ్చిందా లేదా అని చూసే అలవాటు దాన్ని రాసినవాళ్ళకి లేదు. పాత బోర్డు మీద ఆ ఎర్రర్ ఎప్పుడూ రాలేదు కాబట్టి ఇన్నేళ్ళూ బయటపడలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు పనికొస్తుందని, ఆ ప్రోగ్రాం లేవగానే చివరి చీటీ వివరాలు ఫైల్లోంచి తెచ్చి మెమరీలో పెట్టుకుంటుంది. కొత్త రీడింగ్ అడుగుతుంది, "ఇది టైపురైటర్ కాదు" అని వస్తుంది, పట్టించుకోకుండా మెమరీలో ఉన్నదే అచ్చు వేస్తుంది. ల్యాబులో బెంచి మీద పెట్టి వరసగా 4.1, 5.5, 7.4 అని రీడింగులు పంపించాం. మూడు చీటీల మీదా 6.8 పడింది. చీటీ చూడ్డానికి శుభ్రంగా ఉంది. మూడో వరసలోనే ఉంది.

ఇదే కేంద్రంలో జరిగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. 4.1 పోసినవాళ్ళకి లాభం, 7.4 పోసినవాళ్ళకి నష్టం. ఒకటి రెండు రోజుల్లో పక్కపక్క ఇళ్ళవాళ్ళు చీటీలు పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటారు. ఆ తర్వాత గొడవ కెర్నెల్ మీద కాదు, సెక్రటరీ మీద.

మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు. "అన్నా, తప్పు ఆ ప్రోగ్రాంది. ఎర్రర్ చూసుకోకపోవడం దాని తప్పు, లాంగ్ వాడటం వాళ్ళ తప్పు. మనమెందుకు మోయాలి? కొత్తది రాసి పడేద్దాం."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. కొత్తది రాయొచ్చు కూడా. కానీ ఆ పాత ప్రోగ్రాం లోపల ఏముందో పూర్తిగా చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు. వెన్న శాతాన్ని ఎక్కడ రౌండ్ చేస్తుంది, ఆవు పాలకీ గేదె పాలకీ మధ్య గీత ఎక్కడ గీస్తుంది, ఇవన్నీ ఊళ్ళలో ఏళ్ళ తరబడి వాదించుకుని, సర్దుకుని, చివరికి నమ్మిన లెక్కలు. వాటికి రాతప్రతి ఆ బైనరీ ఒక్కటే. కొత్తది రాస్తే ప్రతి కేంద్రంలోనూ మళ్ళీ నమ్మకం మొదట్నుంచి సంపాదించాలి.

"తప్పు ఎవరిదన్నది కాదురా," అన్నాను. "అది నిన్నటిదాకా నడిచింది. మనం కింద నేల మార్చాం. పడిపోతే మన పూచీ."

మా లీడ్ ఒప్పుకుంది. ఏడాదిలో కొత్త ప్రోగ్రాం రాయాలి, ఈలోపు పాతది చెక్కుచెదరకుండా నడవాలి అని నిర్ణయం. డ్రైవర్లో ఒక చిన్న దుబాసీని పెట్టాం. 32 బిట్ల ప్రోగ్రాం 24 బైట్ల ఆకారంతో వస్తే దాని నంబరు గుర్తుపట్టి, లోపలున్న రీడింగుని ఆ పాత ఆకారంలోకి పోసి ఇస్తుంది. నలభై లైన్లు కూడా లేవు. మళ్ళీ 4.1, 5.5, 7.4 పంపించాం. ఆ మూడే అచ్చుపడ్డాయి. పాత పెట్టె చీటీనీ, కొత్త పెట్టె చీటీనీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురులో చూశాం. వరసలు కలిశాయి.

ఈ రకం దుబాసీలు లినక్స్ నిండా ఉన్నాయి. కొన్ని చోట్ల దుబాసీ అక్కర్లేకుండా ముందే సర్దుకున్నారు. 32 బిట్ల ఇంటెల్ మీద 64 బిట్ల అంకె ఏ నాలుగో బైటు దగ్గరైనా మొదలవొచ్చు. 64 బిట్ల ఇంటెల్ మీద ఎనిమిదో బైటు హద్దులోనే మొదలవ్వాలని, కంపైలర్ మధ్యలో నాలుగు బైట్లు కనపడకుండా ఖాళీ వదులుతుంది. అందువల్ల ఒకే వర్ణన ఒకచోట 12 బైట్లు, ఇంకోచోట 16. ఈపోల్ అనే కాల్ వాడే ఆకారానికి ఈ ఇబ్బంది రాకుండా, 64 బిట్ల ఇంటెల్ మీద కూడా ఖాళీ వదలొద్దని ప్రత్యేకంగా రాసి పెట్టారు, 32 బిట్లవాళ్ళతో కలవాలని. ఇంకా పుట్టని గొడవ కోసం ముందే ఒకరు ఇరుక్కుని కూర్చున్నట్టు. 64 బిట్ల ఆర్మ్ మీద అదే ఆకారం హాయిగా 16 బైట్లు తీసుకుంటుంది. ఇంటెల్ మీద ఎవరైనా "ఇది కూడా 16 చేసేద్దాం, అందంగా ఉంటుంది" అంటే ఇప్పుడు కుదరదు. అందం కోసం మాట మార్చడం ఉండదు.

మాట నిలబెట్టుకోవడానికి ఒక హద్దుంది. 32 బిట్ల లినక్స్ ప్రోగ్రాములు సమయాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా 32 బిట్లలో లెక్కపెట్టేవి. మన టైము ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి ఆ అంకె నిండిపోతుంది. తర్వాతి సెకను 1901 డిసెంబర్ 14 అవుతుంది. ఆర్న్డ్ బెర్గ్‌మన్, దీపా దినమణి లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేసి దీనికి దారి చూపించారు. 2019లో వచ్చిన 5.1తో 32 బిట్ల చిప్పులకి 64 బిట్ల సమయం ఇచ్చే కొత్త కాల్స్ ఇరవై దాకా చేరాయి. పాత కాల్స్‌ని మార్చలేదు, పక్కన కొత్తవి పెట్టారు. కొత్తగా కంపైల్ చేసుకునే ప్రోగ్రాములకి అవి ఉపయోగం. మా చీటీ ప్రోగ్రాంకి కాదు. దాన్ని మళ్ళీ కంపైల్ చేయడానికి సోర్స్ లేదు. మేం ఎంత భద్రంగా నడిపించినా, ఆ ఉదయం దాకానే. కెర్నెల్ పాత ప్రోగ్రాంలకి చోటిస్తుంది, ఆయుష్షు పోయలేదు. ఏడాదిలో కొత్తది రాయాలన్న మా లీడ్ పట్టుదల అందుకే.

2019లోనే ఇంకో నిర్ణయం కూడా జరిగింది, నాకు చాలా ఇష్టమైనది. ఆ 5.1 నుంచి, కొత్తగా వచ్చే ప్రతి సిస్టమ్ కాల్‌కీ అన్ని ఆర్కిటెక్చర్ల మీదా ఒకటే నంబరు. 424 నుంచి మొదలు. ఇంటెల్ మీద 425 ఏదో ఆర్మ్ మీదా అదే, రిస్క్-ఫైవ్ మీదా అదే. వెనకటి నంబర్ల జోలికి వెళ్ళలేదు. 4 నాలుగుగానే, 64 అరవై నాలుగుగానే ఉన్నాయి. సరిదిద్దడం అంటే గతాన్ని ఒక మూసలో పోయడం కాదని, ఇక ముందైనా కలిసి నడుద్దాం అనుకోవడమని వాళ్ళకి అర్థమైనట్టుంది. మన భాషలోనూ కొత్త మాటలకి ఇలాగే జరుగుతోంది. అవ్వకి ప్రాంతాన్ని బట్టి వేరే అర్థాలున్నా, సెల్‌ఫోన్‌కి శ్రీకాకుళంలోనూ ఆదిలాబాద్‌లోనూ ఒకటే పేరు. దానికోసం ఎవరి అవ్వనీ దిద్దనక్కర్లేకపోయింది.

ఆల్ఫా మాత్రం అక్కడా కలవలేదు. ఓఎస్ఎఫ్/1 అంకెలకి చోటు వదిలి మొదలుపెట్టిన దాని పట్టిక అప్పటికే 500 దాటిపోయింది. అందుకని ఆల్ఫా మీద అందరి నంబరుకీ 110 కలుపుకోవాలి. 424 అక్కడ 534. ఆల్ఫా చిప్పుల తయారీ ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఆ 110 లెక్క కెర్నెల్‌లో ఉంది, కొత్త కాల్ వచ్చినప్పుడల్లా ఎవరో ఓపిగ్గా కలుపుతూనే ఉన్నారు.

ఇప్పుడు కొత్త ప్రోగ్రాం కోసం కొత్త హెడర్ రాస్తున్నాం. ఆ కుర్రాడే రాస్తున్నాడు, నేను చూస్తున్నాను. ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ మీద పనిచేసిన డేనియల్ వెటర్ 2013లో రాసిన సలహాలు కెర్నెల్ డాక్యుమెంట్లలో ఉన్నాయి, ఐఆక్టల్స్‌ని పాడు చేయకుండా ఉండటం ఎలా అని. అవి పక్కన పెట్టుకున్నాం. లాంగ్ లేదు. ప్రతి అంకెకీ ఎన్ని బిట్లో పేరులోనే ఉంది. సమయానికి 64 బిట్లు. కంపైలర్ కనపడకుండా వదిలే ఖాళీల బదులు, మేమే పేరు పెట్టి వదిలిన ఖాళీలు. చివర్లో ఇంకో రెండు ఖాళీ గడులు, ముందుముందు ఏం కావాల్సొస్తుందో తెలియదు కాబట్టి.

"ఖాళీల్లో ఏమున్నా మనకేం అన్నా, చూడకుండా వదిలేద్దామా?" అన్నాడు.

వద్దన్నాను. ఓపెన్ అనే పాత కాల్ కథ చెప్పాను. దానికి తెలియని జెండాలు పంపినా అది ఊరుకునేది. ఊరుకుంటుంది కదా అని ప్రోగ్రాములు ఏవేవో పంపడం అలవాటు చేసుకోవచ్చు. ఆ జెండాకి రేపు ఒక అర్థం ఇస్తే ఆ ప్రోగ్రాములు చెడిపోతాయి. అందుకే 2020లో ఓపెన్‌యాట్2 అని కొత్తది తెచ్చి, తెలియనిది పంపితే తిప్పి పంపేలా రాశారు. మా గడులూ అంతే. వాటిలో సున్నా తప్ప ఇంకేమున్నా డ్రైవర్ ఒప్పుకోకూడదు. ఇవాళ ఎవరినీ చెత్త వేయనివ్వకపోతేనే రేపు అక్కడ ఎవరైనా ఏదైనా కట్టుకోగలరు.

అతను ఆ తనిఖీ లైన్లు రాశాడు. దాని పైన కామెంట్‌లో, ఈ గడులు ఎందుకు ఖాళీగా ఉన్నాయో రెండు వాక్యాల్లో రాయమన్నాను. "ఇది ఎవరు చదువుతారన్నా?" అన్నాడు. పదేళ్ళ తర్వాత మన సంస్థ లేకపోయినా ఈ ఫైల్ ఎవరి చేతికైనా దొరికితే వాళ్ళు చదువుతారన్నాను. కాసేపాలోచించి, రెండు వాక్యాల బదులు నాలుగు రాశాడు.